గుట్టకు రమ్మనే పిలుపు

నిస్సీ పెట్టిన మైకు వినపడలేదన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. కర్నూలులో సినిమా హాళ్లు, ఆస్పత్రులు, కడపలో ఓ పెద్ద బట్టల అంగడి, బనగానపల్లె పక్క బండల గనులు, ఇలా ఎక్కడ నిప్పు అంటుకున్నా, పేలుడు పెట్టబోతున్నా, జనాన్ని ముందుగా హెచ్చరించే ఏర్పాట్లు ఆమె చేతుల మీదే జరిగాయి. "మాట ముందు చెవిలో పడాలి, తర్వాత బుర్రలో పడాలి, ఆ తర్వాత కాళ్లలో పడాలి. మొదటిది నా పని, మిగతాది దేవుడి పని" అనేది. కోయిలకుంట్ల చర్చిలో చిన్నప్పటి నుంచీ పాట ఎత్తుకునేది ఆమే. గొంతు గురించి ఆమెకు ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. కాస్త పొగరు కూడా ఉండేది, కాదనడం దేనికి? పని వచ్చినవాళ్ల పొగరు చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఆ పొగరుతోనే కోసిగి పక్క ఎర్రగేరికి వచ్చింది. ఎర్రగేరి వాగు ఒడ్డున ఉన్న ఊరు. వాగని పేరే గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. ఎగువన ఓ పాత చెరువు ఉంది. దాని కట్ట బలహీనపడిందనీ, పైన గట్టి వాన పడితే తెగి నీళ్లు నేరుగా ఎర్రగేరి మీదికి వస్తాయనీ ఇంజనీర్లు తేల్చారు. కట్ట బాగయ్యే దాకా ఊరిని కాపాడే పని నిస్సీకి అప్పగించారు. చెరువు దగ్గర నీటి మట్టం కనిపెట్టే యంత్రం పెట్టింది. ఊళ్లో స్తంభాలు నాటి స్పీకర్లు బిగించింది. ఊరి వెనక గుట్ట మీద బడి ఉంటే అక్కడ ఇంకో స్పీకరు, మీటలన్నీ ఉండే పెట్టె అమర్చింది. కట్ట తెగితే నీళ్లు ఊరు చేరడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో జనం మొత్తం గుట్టెక్కాలి. పని అంతే, కానీ అందులో పొరపాటుకు చోటు లేదు.

ఆగస్టులో మొదటి పరీక్ష పెట్టారు. నీటిపారుదల ఆఫీసు తరఫున ఇంజనీరు శ్రీనివాసులు వచ్చాడు. ముందే చెప్పి మోగిస్తే జనం నిజంగా ఏం చేస్తారో తెలియదని నిస్సీ పట్టుబట్టింది. అందుకని సర్పంచికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సైరన్ మోగింది. దాని వెనకే ఆఫీసు వాళ్లు పంపిన రికార్డు, వార్తలు చదివే గొంతులో, "ప్రజలకు హెచ్చరిక. వాగులోకి భారీగా నీరు విడుదలైంది. అందరూ అప్రమత్తంగా ఉండి సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లండి" అని పలికింది.

ఊరంతా వినపడింది. ఊరంతా కదిలింది. బడి ముందు నిలబడి చూస్తున్న నిస్సీ ముఖంలో నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. జనం గుట్ట వైపు రావడం లేదు. వాగు వైపు పోతున్నారు. అదీ పరుగున.

అందరికంటే ముందు మహాదేవమ్మ. డెబ్బై దాటిన మనిషి, కింది వీధిలో చిన్న అంగడి పెట్టుకొని ఒక్కతే బతుకుతోంది. ఆమె చేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ, కర్పూరం, టెంకాయ. వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక సెల్‌ఫోన్లు పైకెత్తుకొని కుర్రాళ్లు. గంగమ్మ వస్తోందంటే ఇంట్లో కూర్చునేది ఎవరు? చెరువుకో కాలువకో కొత్త నీళ్లొస్తే హారతి పట్టి ఎదురుపోవడం ఆ సీమలో తాతల నాటి మర్యాద. బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర కొట్లాడే ఊరికి నీళ్లొస్తున్నాయని చెప్పి, ఆపైన పారిపొమ్మంటే పారిపోతారా?

నిస్సీ పడుతూ లేస్తూ గుట్ట దిగి వాగు దగ్గరికి వచ్చింది.

"అవ్వా, అది హెచ్చరిక! దూరంగా పొమ్మని చెప్తాంటే దగ్గరికి వస్తారా?"

"నీళ్లొచ్చిండాయని చెప్పింది, నేను విన్న" అంది మహాదేవమ్మ. "మిగతాదంతా ఆపీసు మాటలు, మనకెందుకు? ఏదీ, నీళ్లు యాడమ్మా?" ఎండిన ఇసుకను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "ఈ వాగుకు టెంకాయ కొట్టి శానా ఏండ్లాయ. ముసలిదాన్ని ఇంత దూరం ఉరికించి పరాచికమాడతారా?"

నిస్సీ ఆ పళ్లెం వైపు, ఇసుకలో నిలబడ్డ జనం వైపు చూసింది. కట్ట నిజంగానే తెగి ఉంటే తన మైకే ఊరినంతా తీసుకొచ్చి వాగులో నిలబెట్టేది. భయం వేసింది. కోపమూ వచ్చింది, ఊరి మీద కాదు, తన మీద.

శ్రీనివాసులు మాత్రం సంతోషంగా ఉన్నాడు. "శబ్దం బ్రహ్మాండంగా ఉంది మేడమ్. అన్ని స్తంభాలూ పలికాయి. పని పూర్తయిందని సంతకాలు పెట్టేసుకొని, జనానికి ఓ అవగాహన సదస్సు పెడదాం" అన్నాడు.

"సదస్సులో తలలూపుతారు సార్. నీళ్లొచ్చిన రోజు మళ్లీ పళ్లెం పట్టుకొని పోతారు" అంది నిస్సీ. "ఇది హెచ్చరిక కాదు, పేరంటం పిలుపు. వీళ్లు గుట్టెక్కే దాకా నేను ఊరు వదలను, సంతకమూ పెట్టను."

అన్నంత పనీ చేసింది. బడిలోనే ఓ గది తీసుకొని ఉండిపోయింది. రోజూ ఊళ్లో తిరిగేది. ఎవరు పిలిస్తే ఎవరు పలుకుతున్నారో చూసేది. ఉల్లిగడ్డల ఆటో అరిస్తే తల తిప్పేవాళ్లు కాదు. పథకాల ప్రచారం బండి అరిస్తే అసలే తిప్పరు. రికార్డు చేసిన గొంతంటే ఊరికి కాకి అరుపుతో సమానం.

ఓ పొద్దున టీ అంగడి దగ్గర గ్లాసు నోటి దాకా తెచ్చుకుంది. అప్పుడే ఓబులేష్ మేస్త్రి వచ్చి వీధి మొదట్లో నిలబడ్డాడు. వలస కూలీలను పనులకు తీసుకుపోయే మనిషి అతను. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకొని, "మూటలెత్తండప్పో! బండొచ్చిండాది!" అని ఒక్క కేక వేశాడు.

అంతే. పొయ్యిల మీద నీళ్లు చల్లిన చప్పుడు. తలుపులకు తాళాలు పడ్డాయి. పిల్లలు చంకలకెక్కారు, మూటలు నెత్తికెక్కాయి. టీ చల్లారకముందే ఆ వీధి వీధంతా గుట్ట మీద బడి పక్కన నిలబడి ఉంది, లారీ ఆగేది అక్కడే కాబట్టి. ఎందుకని అడిగినవాడు లేడు, వెనక్కి తిరిగినవాడు లేడు. పంటలు పోయిన ప్రతి ఏడూ కలుపు తీయడానికో మిరపకోతలకో పత్తి ఏరడానికో ఇట్లా పోవడమే. దాన్ని సుగ్గి అంటారు.

నిస్సీ టీ అక్కడే పెట్టేసి లేచింది. ఊరు ఖాళీ చేయడం వీళ్లకు తను నేర్పేదేమిటి? నీళ్లు లేక ఏటా చేస్తూనే ఉన్నారు! ఆ తెలివి తన పని చేయడానికి పనికొస్తుందని ఆనందం వేసింది, అది వీళ్లకు ఎట్లా వచ్చిందో తలచుకుంటే ఆ ఆనందానికి సిగ్గేసింది.

కొన్ని వారాల కలుపు పని ముగించుకొని ఓబులేష్ సుగ్గి నుంచి తిరిగొచ్చిన వెంటనే నిస్సీ అతన్ని పట్టుకుంది. ఊళ్లోని స్పీకర్లలో నీళ్ల మాటే రాకూడదు, అవి గుట్టకు రమ్మని మాత్రమే పిలవాలి. ఎందుకు రమ్మన్నదీ గుట్ట మీది స్పీకరు చెబుతుంది. పిలిచే గొంతు మాత్రం అతనిదే కావాలి.

ఓబులేష్ గడ్డం గోక్కున్నాడు. "బండి లేకుండా బండొచ్చిందని అబద్ధం చెప్పల్లనా పాపా? రేపు నా మాట ఎవడు నమ్ముతాడు?"

"బండి మాట ఎత్తొద్దన్నా. మూటలెత్తమను, గుట్టకు రమ్మను. రెండూ నిజమే కదా."

అతను నవ్వాడు. "సరే కానీ. ఊరు ఇడిచిపోవడానికే పనికొచ్చె ఈ గొంతు ఇన్నాళ్లు."

రికార్డు అయింది. రెండో పరీక్షకు రోజు కూడా పెట్టుకున్నారు. వాగు ఆ రోజు దాకా ఆగలేదు.

అక్టోబరులో ఓ మధ్యాహ్నం. ఎర్రగేరి మీద చుక్క వాన లేదు, తెల్లగా ఎండ కాస్తోంది. ఎగువన మాత్రం రాత్రంతా కురిసింది. బడి గదిలో పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. నిస్సీ చెరువు దగ్గరి ఊరికి ఫోను చేసి అడిగింది. కట్ట తెగింది, నిజమే అన్నారు. ఓబులేష్‌ను పిలిపించి, బిత్తరపోకుండా మీట నొక్కింది.

"మూటలెత్తండప్పో! గుట్ట కాడికి రాండి! బిన్న రాండి, తొందరగా!"

స్తంభాలన్నీ ఒక్క గొంతుతో పలికాయి. పొయ్యిలు ఆరాయి, తాళాలు పడ్డాయి. మూటలు, పిల్లలు, కోళ్ల గంపలు బారులు తీరి గుట్టెక్కుతున్నాయి. వాగు వైపు ఒక్కరూ తిరగలేదు. నిస్సీకి ఎగిరి గంతేయాలనిపించింది. ఇంతకంటే బాగా ఏ పట్నంలోనూ జరగదని గర్వంగా అనుకుంది.

ఓబులేష్ లారీ దగ్గర పిలిచినట్టే ఇంటిపేర్లు పిలిచి చూసుకున్నాడు.

"అందరూ వచ్చినట్టేనా అన్నా?"

"వచ్చేటోళ్లు అందరూ వచ్చినారు."

"వచ్చేటోళ్లంటే?"

"బండెక్కేటోళ్లమ్మా. ముసలోళ్లు, పని చేయలేనోళ్లు యాడ ఎక్కుతారు? వాళ్లు ఎప్పుడూ ఇంటికాడనే..." అంటూనే ఆగిపోయాడు. ముఖం నల్లబడింది.

నిస్సీ కిందికి చూసింది. కింది వీధిలో అరుగుల మీద ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. ఏటా కూర్చున్నట్టే. మేస్త్రి పిలుపు తమది కాదని వాళ్లకు బాగా తెలుసు. అంగడి ముందు మహాదేవమ్మ నిలబడి, గుట్ట మీది వాళ్లకు చేయి ఊపుతోంది. క్షేమంగా పోయి రమ్మని.

తన తెలివంతా ఇందుకా? నడవలేనివాళ్లను ఏరి మరీ నీళ్లకు వదిలేసే ఏర్పాటు చేసిందా తను? కుర్రాళ్లు అప్పటికే కిందికి దూకారు. వాళ్లు ఎంతమందినని మోస్తారు? నీళ్లొస్తున్నాయని మైకులో చెబితే మహాదేవమ్మ పళ్లెం అందుకుంటుంది. నిస్సీ మైకు చేతిలోకి తీసుకుంది. ఏం చెప్పాలో ఆమెకు అప్పుడు స్పష్టంగా తెలిసింది.

"అవ్వలూ, తాతలూ! మహాదేవవ్వా! నేను నిస్సీని. ఈసారి మీరు గూడా రావల్ల. మిమ్మల్ని ఇడిచిపెట్టి పోయేది లేదు. ఈడ మీకు గూడా చోటుండాది. అందరూ రాండి!"

ఊపుతున్న చేయి ఆగింది. మహాదేవమ్మ గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయింది. పళ్లెం కోసమే పోయిందని నిస్సీ అనుకుంది. కానీ ముసలామె నెత్తి మీద మూటతో బయటికొచ్చి గుట్ట వైపు తిరిగింది. అరుగుల మీది వాళ్లు ఒక్కొక్కరే లేచారు. నడవగలిగినవాళ్లు నడిచారు. లేనివాళ్లను కుర్రాళ్లు వీపుల మీద, మంచాల మీద ఎత్తుకొచ్చారు. చివరి మంచం బడి మెట్లెక్కే వేళకు ఎర్రటి నీళ్లు హోరున వచ్చి కింది వీధిని ముంచాయి. గుట్ట మీది స్పీకరు సంగతేమిటో చెబుతోంది గానీ, చూస్తున్నవాళ్లకు చెప్పే అవసరం లేకపోయింది. ఊరంతా గుట్ట మీదే ఉంది.

వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కిన మహాదేవమ్మ రొప్పుతూ నిస్సీ దగ్గరికి వచ్చింది. "బండి యాడమ్మా?"

"బండి లేదవ్వా. కట్ట తెగి వాగొచ్చింది. అందుకే పిలిచినా."

ముసలామె తన అంగడి ఉన్న చోటు వైపు చూసి, మూట మీద కూర్చుంది. నిస్సీ పక్కన చేరింది. మూటగుడ్డ మడతల దగ్గర వెలిసిపోయి ఉంది. ముడి బిగిసి రాయిలా ఉంది. ఇప్పటికిప్పుడు కట్టిన ముడి కాదది.

"ఈ మూట ఎప్పుడు కట్టినావవ్వా?"

"మా ఆయన పోయిన యేడు. రెండు చీరలు, ఒక గిన్నె. ఎప్పుడన్నా నన్ను గూడా రమ్మంటారేమోనని." ఓబులేష్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఎవరూ అనలేదు. ఈ పొద్దు నువ్వంటివి."

నిస్సీ ఆమెను చేయి పట్టుకొని బడి గదిలోకి తీసుకుపోయింది. ఆ సాయంత్రమే పెట్టె ముందు కూర్చుని రికార్డు మార్చింది. ఓబులేష్ కేక అట్లాగే ఉంచి, దానికి ముందు తన గొంతు పెట్టింది: "ముసలోళ్లు ముందు రాండి."