ఆరు కార్జం ముక్కలు

ఆదివారం. మేక కార్జం కడుగుతున్నాను. మాంసంతో పాటు అంగట్లో విడిగా కట్టిచ్చిన ఆరు ముక్కలు. మామ బతికినన్నాళ్ళూ ఆయన పళ్ళెంలోకి, ఇప్పుడు నా మొగుడు ఓబుళేశు పళ్ళెంలోకి. "ఆడదానికెందుకే, వేడి చేస్తాది" అంటుంది మా అత్త సుబ్బరత్నమ్మ. పద్దెనిమిదేళ్ళుగా వండుతున్నాను. రుచి తెలీదు.

మొన్న గురువారం పత్తికొండ మార్కెట్లో టమోటా బాక్సు ఎత్తుతూ కళ్ళు తిరిగి పడ్డాను. ఆసుపత్రిలో నర్సు సంతోషమ్మ రక్తపరీక్ష చీటీ చూసి కసిరింది. "రక్తం ఏడే ఉండాది నాగజ్యోతీ! ఒంట్లో ఇనుము లేదు. ఎట్ల నడుస్తాండావు? కార్జం తిను." ఇంట్లో చెబితే ఓబుళేశు నవ్వాడు. "ఏడుంటే చాల్లే. మా అమ్మకెంతుండాదో ఎవురు చూసినారు?"

నిజమే. ఎవరూ చూడలేదు. నా మంట అదే.

గడప మీద నా కూతురు హర్షిణి తొమ్మిదో తరగతి పాఠం గట్టిగా చదువుతోంది. పెద్ద నక్షత్రం కడుపులో హైడ్రోజన్ హీలియం అవుతుందట. అది కార్బన్, ఆక్సిజన్, అట్లా ఒకదాన్నుంచి ఒకటి. అంతసేపూ వేడి, వెలుగు. చివరికి ఇనుము. ఇనుము దగ్గరికొచ్చాక ఇక వేడి పుట్టదు. నక్షత్రం లోపలికి కూలి, పేలి, కడుపులో ఉన్నదంతా ఆకాశంలోకి చిమ్మేస్తుందట.

"మన నెత్తుర్లో ఇనుము గూడా అట్ల వచ్చిందేనమ్మా."

"అందరి నెత్తుర్లోదా?"

"అందర్దీ."

చేతిలోని ముక్క చూశాను. ఏ నక్షత్రమో చచ్చి పంచింది. ఎవరి పళ్ళెమని అడగలేదు. ఆకాశమంతా దాటి, నేలలో కలిసి, గడ్డిలోంచి మేకలోకొచ్చి, నా పొయ్యి దాకా చేరింది. పొయ్యి నుంచి నా నోటికి జానెడు. ఆ జానెడు మాత్రం దాటనివ్వరు. నెలనెలా కారేది మాకు, కాన్పుల్లో కారేది మాకు, నింపుకునేది వాళ్ళు.

ఆరు ముక్కలూ పెనం మీద వేయించాను. రెండు హర్షిణికి. రెండు నాకు. రెండు తీసుకెళ్ళి మా అత్త ముందు పెట్టాను. "తిను అత్తా. రేపు నీకెంతుండాదో గూడా చూపిచ్చుకుందాం."

ఆమె భయంగా వాకిలి వైపు చూసింది. కొడుకింకా రాలేదు. ఒక ముక్క నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"ఇంత మెత్తగా ఉంటాదా ఇది?" అంది. అరవై రెండేళ్ళు ఆమెకు.

ఓబుళేశు వచ్చి కూర్చుని పళ్ళెంలో మాంసం పులుసంతా కెలికాడు.

"ఏమే, కార్జం యాడ?"

చేయి చాపాను.

"ఈడ. నా నెత్తుర్లో. ఇంగ ప్రతి ఆదివారమూ ఈడ్నే ఉంటాది."