ఆఫీసు గోడలో నాలుగో కిటికీ

తలుపు బిగుసుకుపోయిందని కబురు పంపారు. ఆ ఉదయం కమిషనర్ దొర గదిలో నేనుండటానికి కారణం అదే. లేకపోతే జూడ్ పిల్చర్ విచారణ నా చెవిన పడేదే కాదు.

రాజుగారి యుద్ధ ఓడలు తయారయ్యే మా యార్డులో ఈ ఆఫీసు కట్టి పదకొండేళ్ళయింది. నది బురదలో దిగగొట్టిన దుంగల మీద లేచిన మూడంతస్తుల ఇటుక భవనం. ఏటా వెంట్రుకవాసి కుంగుతుంది, ఏటా ఏదో ఒక తలుపు మొరాయిస్తుంది. కట్టినప్పటి వడ్రంగి మేస్త్రిని నేనే గనక దాని రోగాలన్నీ నాకే అప్పగిస్తారు.

"చప్పుడు కాకుండా కానివ్వు, హాగ్‌బెన్," అన్నాడు దొర.

తలుపు ఊడదీసి మెల్లగా చిత్రిక పడుతున్నాను. బల్ల ముందు జూడ్ నిలబడి ఉన్నాడు. ఓడ వడ్రంగి, ఇరవయ్యారేళ్ళవాడు. చేతులు కట్టేశారు. ఓడల అడుగున కొట్టే రాగి రేకులు గిడ్డంగిలోంచి నలభై మాయమయ్యాయి. తాళం పగల్లేదు. దాని తాళంచెవి ఈ ఆఫీసులోనే, కింది అంతస్తు బీరువాలో ఉంటుంది. గేటు కాపలాదారు కెమ్‌స్లీ సాక్ష్యం చెబుతున్నాడు.

"మంగళవారం దీపాలు పెట్టే వేళండీ. ఇంటికి పోతూ కిటికీలోంచి చూశాను. బీరువా తెరిచి తాళంచెవి తీస్తున్నాడు. వీడే."

"ఏ కిటికీ?"

"ముఖద్వారానికి ఎడమపక్క నాలుగోదండీ. వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టుకున్నాను."

జూడ్ నవ్వాడు. "రెండు గజాల అవతలుంటే కెమ్‌స్లీ మామ సొంత పెళ్ళాన్నే గుర్తుపట్టడు దొరగారూ. మసక చీకట్లో నన్ను గుర్తుపట్టాడట."

"నోర్ముయ్‌రా. మీ అయ్యా ఇలాగే వాగేవాడు," అన్నాడు కెమ్‌స్లీ.

"మా అయ్య తాగితేనే అబద్ధాలాడేవాడు. నీకు ఆ ఖర్చు కూడా లేదు."

నా చేతిలో చిత్రిక ఆగిపోయింది.

ఎడమపక్క నాలుగో కిటికీ అనేది లేదు. లండన్‌లో ప్లాను గీసినాయన ద్వారానికి అటు అయిదు, ఇటు అయిదు కిటికీలు పెట్టాడు. తీరా గోడ లేచాక నాలుగోదాని వెనక దస్తావేజుల గది పొగగొట్టం అడ్డొచ్చింది. వరసలో ఒకటి తగ్గితే భవనం పన్ను ఊడిన మొహంలా ఉంటుందని అప్పటి ఫోర్‌మన్ ఆ ఖాళీని ఇటుకలతో మూయించాడు. దాని మీద నల్లరంగు పూయించి, తెల్లగీతలతో అద్దాలు గీయించాడు. పది అడుగుల దూరం నుంచి నేనే మోసపోయేవాణ్ణి. బయట పనిచేసేవాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. లోపల రాసుకునే గుమస్తాలు బయట నిలబడి కిటికీలు లెక్కపెట్టరు. ఆ ఫోర్‌మన్ పోయాడు. రంగు వేసినవాణ్ణి ఫ్రాన్సుతో యుద్ధానికి నౌకాదళం వాళ్ళు బలవంతంగా పట్టుకుపోయారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ ఒక్క మాట చెబితే జూడ్ బయటపడతాడు. చెప్పకపోతే పద్నాలుగేళ్ళు సముద్రాల అవతల, ఖైదీల్ని పంపే బోటనీ బేలో. అటు పోయినవాడు మా వీధికి ఒక్కడూ తిరిగి రాలేదు.

కానీ చెబితే నేను దొరికిపోతాను. ఎందుకంటే ఆ కిటికీకి చట్రం నేనే చేశాను. దాన్ని గిడ్డంగికి తిప్పి పంపాల్సింది, పంపలేదు. సాయంత్రం ఇంటికి పోతూ గజం కంటే పొట్టి చెక్కముక్కలు మోపు కట్టుకుపోవడం మా యార్డు పనివాళ్ళకి తాతలనాటి హక్కు. పొడుగు బద్దలు రెండుగా కోసి, అద్దాలు గుడ్డల్లో చుట్టి, మోపుల మధ్య పెట్టి తొమ్మిది సాయంత్రాల్లో కిటికీ మొత్తం గేటు దాటించాను. అప్పటికి నా భార్య థిర్జాకి నడుము పడిపోయి ఏడాది. ఆమె గదికి కిటికీ లేదు. నేను తెచ్చింది బిగించాక నది కనిపించింది. అప్పట్నుంచీ ఏ ఓడ వచ్చిందో, ఏది పోయిందో వీధికంతా మంచం మీంచి ఆమే చెబుతుంది. చట్రం అడుగున అది రాజుగారి సొత్తని చెప్పే బాణం గుర్తు ఇప్పటికీ ఉంది.

జూడ్‌ని కోర్టుకి పంపే ఉత్తరువు రాయడానికి దొర కలం సిరాలో ముంచాడు.

"దొరగారూ," అన్నాను. "ఆ కిటికీలోంచి బీరువా కనిపించదేమోనండీ. ఒకసారి చూసొస్తే..."

"నువ్వు తలుపు సంగతి చూడు."

కలం కాగితం మీద కదిలింది. మొదటి వరస అయిపోయింది. రెండోది మొదలైంది.

"అది కిటికీ కాదండీ," అన్నాను. "గోడ."

దొర లేచి ప్లాను తెరిచాడు. "ఇందులో ఉంది. లండన్ వాళ్ళ సంతకాలున్నాయి."

"కాగితంలో ఉందండీ. గోడలో లేదు."

అందరం కిందికి దిగాం. బయట తుంపర పడుతోంది. దొర నాలుగో కిటికీ దగ్గరికెళ్ళి అద్దాన్ని చేతికర్రతో పొడిచాడు. నల్లరంగు పెచ్చు ఊడి ఎర్ర ఇటుక బయటపడింది.

"అయితే అయిదోదై ఉంటుందండీ," అన్నాడు కెమ్‌స్లీ.

"వేళ్ళు మడిచావుగా మామా," అన్నాడు జూడ్. "ఏ వేలు మోసం చేసింది?"

దొర నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "ఆ ప్లాను అంచునే చట్రం చేసి అప్పగించినట్టు నీ సంతకం ఉంది. ఎక్కడది?"

"మా ఇంట్లో ఉందండీ."

ఆయన ఊడిపడిన పెచ్చును కర్రతో పక్కకి నెట్టాడు. "నిన్ను కోర్టుకి పంపితే ఈ సంగతి లండన్ చేరుతుంది. పదకొండేళ్ళుగా బొమ్మ కిటికీకి కాపలా కాస్తున్నామని నవ్వుతారు. రేపట్నుంచి పనికి రావద్దు. చట్రం రేపే యార్డుకి చేరాలి."

జూడ్ కట్లు విప్పారు. కెమ్‌స్లీ చీకట్లో పొరబడ్డాడని రాసుకున్నారు. నేను గేటు దాటుతుంటే తలుపు తీసిందీ అతనే.

ఇంటికెళ్ళి థిర్జాకి అంతా చెప్పాను. ఆమె నది వైపు చూస్తూ వింది.

"ఆ కుర్రాడికి ఎన్నేళ్ళు?"

"ఇరవయ్యారు."

"అయితే ఇచ్చెయ్," అంది.

మర్నాడు పొద్దున జూడే వచ్చాడు. భుజాన పలకలు, చేతిలో పనిముట్ల సంచి.

"నన్నే పంపారు మేస్త్రీ," అన్నాడు గుమ్మం బయటే నిలబడి.

"నువ్వే నయం. ఇంకొకడైతే గోడ కూల్చేవాడు. రా."

"ఎవరూ?" అంది థిర్జా లోపల్నుంచి.

"పిల్చర్ గారబ్బాయి."

"రా నాయనా. మీ అమ్మ అన్నం తిందా నిన్న?"

"తింది పిన్నీ," అని వాడు తల ఎత్తకుండానే పని మొదలుపెట్టాడు. పన్నెండు అద్దాలు గడ్డిలో చుట్టి పెట్టాడు. ఒక్కటి పగల్లేదు. చట్రం ఊడేసరికి నది మీంచి చలిగాలి తిన్నగా మంచం మీదికి కొట్టింది. నేను ఆమెకి ఇంకో కంబళి కప్పాను. జూడ్ పలకలు కొట్టుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర ఆగాడు.

"వేలెడంత సందు వదలనా పిన్నీ? చూసుకోవడానికి."

థిర్జా ఆ సందులోంచి ఒకసారి బయటికి చూసింది.

"వద్దు నాయనా. జనవరి గాలి, నాకు దగ్గు పట్టుకుంటుంది. దగ్గరగా కొట్టు."

పలక నేను పట్టుకున్నాను, వాడు మేకు కొట్టాడు.