కళాయి పోయిన గిన్నె

నేను ఒక ఇత్తడి గిన్నెను. పదిమందికి సరిపడా పులుసు కాచుకునేంత గిన్నెను. ప్రస్తుతం ఒక వైద్య కళాశాలలో, విషాల గురించి పాఠాలు చెప్పే గదిలో, అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా ఎడమ పక్కన పురుగుల మందు సీసా, కుడి పక్కన గన్నేరు గింజల డబ్బా. ఇరుగుపొరుగు అంత మంచిది కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఏటా కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. వంటగిన్నెకి ఇక్కడేం పనని ఒకళ్లనొకళ్లు అడుగుతారు. నాకు పనేమిటో వాళ్ల అమ్మమ్మల్ని అడిగితే చెప్పేవారు.

నేను పుట్టింది ఇత్తడి పనివాళ్ల ఊరు అజ్జరంలో. సుత్తి దెబ్బలు తిని ఆకారం తెచ్చుకున్నాను. నన్ను మొదట కొన్నది తునిలో భోజనాల ఇల్లు నడిపే సుభద్రమ్మ. నోటి దురుసు మనిషే గానీ గిన్నెల విషయంలో ఆవిడంత జాగ్రత్తపరురాలిని మళ్లీ చూడలేదు. ఏటా దసరాకి ముందు కళాయి పోసే సాయిబు వీధిలో గొయ్యి తీసి, తిత్తి ఊది, బొగ్గుల మీద నన్ను ఎర్రగా కాల్చేవాడు. లోపల మురికి కోసే నవసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచేది. ఆ వేడి మీదే తగరం ముట్టించి దూదితో చకచకా రుద్దితే నా కడుపంతా వెన్న రాసినట్టు తెల్లబడేది. సుభద్రమ్మ పొయ్యి మీద పెట్టే ముందు రోజూ నా లోపలికి తొంగి చూసేది. ఎక్కడైనా తెలుపు చెరిగి పసుపు కనపడిందా, ఆ రోజు నాలో పప్పు ఉడకాల్సిందే తప్ప చింతపండు పడేది కాదు.

ఎందుకంటే ఇత్తడికీ పులుపుకీ పడదు. మామూలు పడకపోవడం కాదు. కళాయి అడ్డు లేకుండా పులుపు తగిలితే నేను కరుగుతాను. ఆకుపచ్చటి చిలుము కక్కుతాను. అది విషం. నా తప్పు కాదది, నా పుట్టుక.

సుభద్రమ్మ పోయాక స్టీలు గిన్నెలు వచ్చాయి. నేను పాత సామాన్ల కొట్టులో ఏళ్ల తరబడి బోర్లా పడుకున్నాను. చివరికి విశాఖపట్నంలో పాతకాలపు వస్తువులు అమ్మే పెద్దమనిషి ఒకడు నన్ను తెచ్చి, తిరిగే మెషీను మీద పెట్టి లోపలా బయటా మెరుగు పట్టించాడు. మిగిలిన కాస్త కళాయి కూడా ఆ ఒక్క పూటలో పోయింది. నా కడుపు బంగారంలా మెరిసింది. పైన పటారం, లోన లొటారం అంటారే, నేను రెండు వైపులా పటారమే అయ్యాను. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. లోపల తెలుపు ఏదని ఒక్కరూ అడగలేదు.

ఇందుమతి నన్ను చూడగానే ముచ్చటపడి తెచ్చుకుంది. నలభై ఆరేళ్ల మనిషి, బ్యాంకులో ఉద్యోగం. వంట అంటే ప్రాణం. పుట్టినప్పటి నుంచీ స్టీలు గిన్నెల్లో వండినదే తిని పెరిగింది కాబట్టి కళాయి అనే మాట ఆమె చెవిన పడ్డా మనసుకి ఎక్కలేదు. ఇంట్లో నాకు మంచి చోటే దొరికింది. రెండు నెలలు హాల్లో చామంతి పూలు మోశాను. ఆ రెండు నెలలూ నేను ఎవరికీ హాని చేయలేదు.

ఇందుమతికి ముగ్గురు స్నేహితురాళ్లు, శ్యామల, జుబేదా, రమణి. ఇరవై ఏళ్ల కిందట ఉద్యోగినుల హాస్టల్లో నలుగురిదీ ఒకటే గది. హాస్టల్ సాంబారు తినలేక ఆదివారం పూట ఇందుమతి కిరోసిన్ స్టవ్వు మీద ముద్దపప్పు, ముక్కల పులుసు చేస్తే నలుగురూ ఒకే పళ్లెంలో కలుపుకుని తినేవాళ్లట. ఇప్పుడు శ్యామలకి క్యాన్సరు. నాలుగు నెలలుగా మందు ఎక్కిస్తున్నారు. ఏం తిన్నా నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టు ఉంటోందని తిండి మానేసింది. బరువు పెరగకపోతే తర్వాతి మందు ఎక్కించడం కుదరదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మందు ఆగితే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అలాంటి శ్యామల ఒక రోజు ఇందుమతికి ఫోన్ చేసి, నీ చేతి ముక్కల పులుసు తినాలని ఉందే అని అడిగింది.

ఇందుమతి కళ్లు తుడుచుకుని, పూలు తీసి నన్ను కడిగింది. మంచి పులుసు మంచి గిన్నెలో కాయాలని ఆమె ఉద్దేశం. నాకు నోరు ఇంత వెడల్పున ఉండి ఏం లాభం?

శనివారం మధ్యాహ్నం గుమ్మడికాయ, ఆనపకాయ, ములక్కాడ, చిలగడదుంప పెద్ద పెద్ద ముక్కలుగా కోసింది. నిమ్మకాయంత కాదు, నారింజకాయంత చింతపండు పిసికి నాలో పోసింది. చిక్కటి పులుపు నా ఒంటికి తగిలిన క్షణం నాకు తెలిసిపోయింది. ఉప్పు పడింది, బెల్లం పడింది, మంట పెరిగింది. మరుగుతున్న కొద్దీ నేను కరుగుతూనే ఉన్నాను. సుభద్రమ్మ అయితే ఈపాటికి ఇల్లెగిరిపోయేలా అరిచేది.

ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకున్నా ఇందుమతికి తెలిసేది. కానీ వాళ్లమ్మ నేర్పిన వంట అది. నలుగురికి పెట్టేది ఎంగిలి చేయకూడదు, వాసన చూసే ఉప్పూ కారం తెలుసుకోవాలి. ఇందుమతి వంగి వాసన చూసింది. ఇంగువ పోపు ఘుమఘుమలాడుతోంది. సంతృప్తిగా మూత పెట్టింది. పైగా పులుసు ఊరితేనే రుచి కదా, మూడింటికి దించినదాన్ని రాత్రి భోజనాల దాకా నాలోనే ఉంచింది. ఆ నాలుగున్నర గంటలు నేను చీకట్లో కూర్చుని చేయగలిగిన పాడు పనంతా చేశాను.

ఏడున్నరకి అందరూ వచ్చారు. శ్యామల తలకి స్కార్ఫు కట్టుకుంది. కుర్చీలో కూర్చుంటే పిల్లలా కనపడింది. మొదటి వడ్డన ఆమెకే. ఇందుమతి వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి, నాలోంచి రెండు గరిటెల పులుసు పోసింది. శ్యామల కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

ఆమె ముఖం ఒక్క రవ్వ ముడుచుకోవడం నేను చూశాను. తర్వాత నవ్వింది. అలాగే ఉందే, హాస్టల్లోలా, అంది. అన్నం మొత్తం తింది. మళ్లీ పోయించుకుంది. చివర్లో చిన్న గిన్నెడు పులుసు ఉత్తదే పోయించుకుని తాగింది.

జుబేదా మొదటి ముద్దకే నమలడం ఆపింది. రమణి వైపు చూసింది. రమణి కూడా ఆమె వైపే చూస్తోంది. ఇద్దరి నోట్లోనూ చిలుము రుచి. కానీ నాలుగు నెలల తర్వాత శ్యామల కడుపునిండా తింటుంటే, ఇందుమతి కళ్లు అలా వెలిగిపోతుంటే, వంకలు పెట్టేదెవరు? ఇద్దరూ తలొంచుకుని కొంచెం కొంచెం మింగారు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందన్న సామెత మీ వాళ్లు ఊరికే పుట్టించలేదు.

వండిన మనిషి అందరూ తిన్నాకే తింటుంది. వాళ్లు వెళ్లాక ఇందుమతి కంచం పెట్టుకుంది. ఒక్క ముద్ద తిని సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసింది. వెనక్కి వచ్చి నా మూత తీసింది. పులుసు తగ్గిన చోట నా గోడ చుట్టూ ఆకుపచ్చ గీత. దాన్ని వేలితో రాసింది, వేలు చూసుకుంది. ఆ పచ్చదనం ఏమిటని ఫోన్లో వెతికి చదివింది. వెంటనే శ్యామలకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆమె నన్ను మూత పెట్టి సింకు కింద అరలో దాచింది. మనుషులు తప్పు చేస్తే వస్తువుని దాస్తారు.

పొద్దున ఒకదాని వెంట ఒకటి ఫోన్లు వచ్చాయి. జుబేదాకీ రమణికీ వాంతులు. దారిలో తిన్న ఐస్‌క్రీం పడలేదని ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారు. పది గంటలకి ఆసుపత్రి నుంచి శ్యామల చేసింది. గొంతు సగం కూడా లేదు. రాత్రంతా వాంతులు, పచ్చగా. తెల్లారేసరికి మూత్రం ఆగిపోయింది. క్యాన్సరు మందు వల్ల ఇన్ఫెక్షన్ అనుకుని డాక్టర్లు సెలైను ఎక్కిస్తున్నారు.

"ఏం తిన్నావని అడిగారే. పెరుగన్నం అని చెప్పాను. నువ్వూ అదే చెప్పు," అంది శ్యామల. "అంత కష్టపడి చేశావు. నీ మీదకి ఎందుకు రావాలి?"

 ఇందుమతి ఫోన్ పెట్టేసి సింకు కింద నుంచి నన్ను బయటికి తీసింది. నన్ను తోమి అటక మీద పెట్టేస్తే ఎవరికీ తెలియదు. స్నేహితురాలే నోరు మూసుకోమంది. ఒక చేత్తో పీచు కూడా తీసింది.  తర్వాత పీచు కింద పడేసి, అడుగున మిగిలిన పులుసుతో సహా నన్ను సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

వార్డులో ఆమె నన్ను తిన్నగా డాక్టరు బల్ల మీద పెట్టి మూత తీసింది. "ఇందులో పులుసు కాచి నా చేత్తో పోశానండి. మూడుసార్లు పోశాను. పెరుగన్నం అబద్ధం."

డాక్టరు నా లోపలికి చూశాడు. సుభద్రమ్మ తర్వాత అంత శ్రద్ధగా చూసింది ఆయనే. అప్పటిదాకా రాసిన కాగితం పక్కకి తోసి, నర్సుని కేకేసి, విషానికి విరుగుడు మందు తెప్పించాడు. ఇంకొక్క పూట ఆలస్యమైతే కిడ్నీలు దక్కేవి కావన్నాడు. పిల్లలకి చూపించడానికి నన్ను ఈ కళాశాలకి ఇచ్చింది ఆయనే; శ్యామల ఇంటికి వెళ్లడానికి పద్దెనిమిది రోజులు పట్టిందని ఇక్కడి పాఠాల్లో విన్నాను. క్యాన్సరు మందు నెలన్నర వెనకబడిందట. ఆ నెలన్నరలో లోపలి జబ్బు ఎంత ముందుకు నడిచిందో ఈ బీరువాలో ఉన్న నాకు ఎవరూ చెప్పలేదు.

వాళ్లిద్దరినీ నేను ఆఖరిసారి చూసింది నన్ను వార్డుకి తెచ్చిన ఆ రోజే. డాక్టరు బల్లకి ఎదురుగా, శ్యామల మంచం పక్కన ఇందుమతి నిలబడి ఏడుస్తోంది. ఎందుకు తిన్నావే, నోట్లో పెట్టుకోగానే తెలియలేదా అని అడిగింది.

"తెలీడానికేముంది, నాకు అన్నీ ఇలాగే ఉంటున్నాయి కదా. రోగం రుచే అనుకున్నాను," అంది శ్యామల కళ్లు మూసుకుని. సెలైను సూది ఉన్న చేత్తోనే ఇందుమతి చెయ్యి తడిమి పట్టుకుంది.

"పులుసు అస్సలు బాగోలేదే, ఇందూ."