జాడ చెరిపిన చీపురు

తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిన చోట ఇసుక మీద ట్రాక్టరు పోయినట్టు జాడ పడుతుంది. ఆ జాడ పట్టుకుని కుక్కలు వస్తాయి, కుక్కల వెనకే గుడ్ల దొంగలు వస్తారు. అందుకని తెల్లవారకముందే ఆ జాడను చెరిపెయ్యడం చీపురత్త పని. ఊరి తీరానికి ఊరివాళ్ళే కాపలా పెట్టుకున్న మనిషి ఆమె. పొడుగు కర్ర చీపురుతో వెనక్కి నడుస్తూ, తన అడుగులు కూడా తానే ఊడ్చుకుంటూ వచ్చేది. తర్వాత ఎవరు చూసినా అక్కడ గాలి తప్ప మరొకటి తిరగలేదనుకోవాలి. వరస కలవనివాళ్ళు కూడా ఆమెను చీపురత్త అనే పిలిచేవారు.

ఆ తీరాన్ని ఆనుకుని కొత్త అణు రియాక్టర్లు కడతామని కంపెనీ దిగింది. తాబేళ్ళు గుడ్లు పెట్టే నేలలో గునపం దించకూడదని చట్టం. పెట్టని నేలయితే గోడ కట్టుకోవచ్చు, వేడినీళ్ళు సముద్రంలోకి వదులుకోవచ్చు. ఊరివాళ్ళ ధైర్యమంతా ఆ ఒక్క చట్టం మీదే ఉంది.

ఆ సంగతి తేల్చడానికి ప్రభుత్వం వేసిన కమిటీ బడి హాల్లో విచారణ మొదలుపెట్టిన రోజున కంపెనీ ఇంజనీరు లేచి, తమ సర్వేవాళ్ళు రోజూ పొద్దున్నే తీరమంతా నడిచారనీ, తాబేలు జాడ ఒక్కటీ కనపడలేదనీ చల్లగా చెప్పాడు. ఇంత శుభ్రమైన తీరం తానెక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు కూడా. ఆ సర్వేవాళ్ళు వచ్చేసరికి చీపురత్త ఊడవడం అయిపోయేది. పైగా రోజూ దండం పెట్టి, తప్పుకుని దారి ఇచ్చింది. ఇసుకలో గుడ్లున్న గూళ్ళ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకూడదన్నది ఆ ఉద్యోగంలో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం మరి.

లేచి, గూళ్ళున్నాయని చెప్పింది. కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, రేపు తెల్లవారేసరికి స్వయంగా వచ్చి చూస్తామనీ, తర్వాతే విచారణ ముగిస్తామనీ మాటిచ్చాడు.

బయటికి రాగానే తమ్ముడు పట్టుకున్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. రియాక్టర్లు వద్దనే సంఘాన్ని నడిపేది అతనే.

"అక్కా, ఊరందరి నోట్లో నీ చీపురుతోనే మట్టి కొట్టావు."

"జాడలు చూడ్డానికొస్తున్నారని నాకేం తెలుసురా? ఏదో షికారుకొచ్చారనుకున్నా."

"సర్లే. రేపొక్క రోజు ఊడవకు."

"ఊడవకపోతే కుక్కలొస్తాయి."

"తెల్లారేసరికి వస్తామన్నారు కదా. అంతసేపు కాసుకోలేవా?"

మర్నాడు ఆమె చీపురును కర్రలా పట్టుకుని కాసింది. తీరం పొడుగునా జాడలు విప్పారి కనపడుతున్నాయి. తెల్లారింది. ఎండ ఎక్కింది. కమిటీ జాడ లేదు. తమ్ముడు అతిథిగృహానికి పరిగెత్తి చూసొచ్చాడు. అక్కడింకా టిఫిన్లవుతున్నాయట. అధ్యక్షుడి గుడ్డు సరిగ్గా ఉడకలేదని మళ్ళీ పొయ్యిమీద పెట్టారట.

ఈలోపు కుక్కల గుంపు దిగింది. అక్కాతమ్ముళ్ళు ఈ చివర తరిమితే అవి ఆ చివర తవ్వాయి. కొత్త గూళ్ళతో పాటు పక్కనున్న పాత గూళ్ళు కూడా పెళ్ళగించాయి.

కమిటీ కార్లు దిగేసరికి ఇసుక మీద పచ్చసొన ఎండి అట్టకట్టింది. తోలులాంటి పెంకులు, కళ్ళు తెరవని పిల్లలు, వాటి మీద ఈగలు. అధ్యక్షుడు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, బూట్లకి అంటుకుంటుందేమోనని కొంగలా అడుగులేశాడు. తాబేళ్ళు ఉన్నాయని ఒప్పుకోక తప్పలేదు. ఇంజనీరు మాత్రం ఏమాత్రం తడబడలేదు.

"చూశారుగా సార్, వీటికి శత్రువులు కుక్కలు. మేం కాదు. మా గోడ లేస్తే ఒక్క కుక్క లోపలికి రాదు."

"అదీ నిజమే. రాసుకోండి," అన్నాడు అధ్యక్షుడు.

చీపురత్త వాళ్ళిద్దరి మూతుల్ని చూసింది. పొద్దున తిన్న గుడ్డు సొన ఇంకా అంటుకునే ఉంది. కుక్క మూతికి కూడా సొన అంటుకునే ఉంది గానీ, దానికి ఆకలి ఉంది. వీళ్ళకేమొచ్చింది?

వాళ్ళు కార్లెక్కాక, ఆమె చేత్తోనే అంతా బుట్టకెత్తింది. హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బిస్కెట్లు పెట్టారు. బుట్ట తీసుకెళ్ళి అధ్యక్షుడి ఎదురుగా దించింది. ఈగలు బిస్కెట్ల మీదికి మారాయి.

"ఇదేంటమ్మా? బయట పెట్టు."

"మీరు రాసుకున్నదాంట్లో వాసన లేదు కదా అని తెచ్చానయ్యా."

అధ్యక్షుడు బడి బంట్రోతుని పిలిచి తీసెయ్యమన్నాడు. ఊరివాడే, పైకెత్తిన తల దించకుండా ఫ్యాను చూస్తూ నిలబడ్డాడు. అధ్యక్షుడు ఇంకెవరినన్నా రమ్మన్నాడు. జనం కదల్లేదు. ఇంజనీరు రెండు వేళ్ళతో బుట్ట అంచు పట్టుకోబోయి వెనక్కి తీసుకున్నాడు. ముక్కు మూసుకునే ఏదో చదవబోయిన అధ్యక్షుడు సగం వాక్యంలో లేచి, విచారణ వాయిదా అని గొణిగి, బయటికి పరిగెత్తి, హాలు గోడ మొదట్లో పొద్దున తిన్నదంతా కక్కేశాడు.

వాయిదా అంటే గెలుపు కాదని ఆమెకి తెలుసు. మళ్ళీ వస్తారు. బుట్ట చంకన పెట్టుకుని, చీపురు భుజాన వేసుకుని, పాతిపెట్టడానికి తీరం వైపు బయల్దేరింది.

వెనకనుంచి బంట్రోతు గోడ మొదలు చూపించి, "అత్తా, ఓసారి నీ చీపురిచ్చి పోకూడదూ?" అన్నాడు.

ఆమె అటు చూసి కాండ్రించి ఉమ్మింది.

"ఇది ఊడవకురా. కనపడనీ."