ఔననే పెట్టె

ముందుగా క్షమించండి. నాకు అక్షరాలు తల నెరిసిన తర్వాత, మనవరాలి పక్కన కూర్చుంటే వచ్చాయి. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట దర్జాగా కూర్చుంటాయి. చెయ్యి వణుకుతుంది కాబట్టి రాసేది కూడా నత్తనడకే. ఇందులో 'అక్క' అని వచ్చే మనిషిని నేనే. మిగతాదంతా మా తమ్ముడి గొడవ.

సైన్సు మావయ్యకి మేనల్లుడి సెలూన్లో ఒక కుర్చీ ఉండేది. తిరిగే కుర్చీ కాదు. గోడవారగా, స్విచ్చిబోర్డు కింద, ఒక కాలు పొట్టిదైన చెక్క కుర్చీ. ఆ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టుకుని, పేపరు చంకలో పెట్టుకుని, రాజు సింహాసనం ఎక్కినట్టు ఎక్కేవాడు. ఉద్యోగం ఉన్నంతకాలం ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. "గిర్రున తిరిగే చక్రాన్ని నా అంత దగ్గరగా చూసిన శాస్త్రవేత్త ఎవడున్నాడ్రా?" అని ఆయన ధీమా. వీధివీధంతా ఆయన్ని సైన్సు మావయ్యనే పిలిచేది, కొందరు గౌరవంగా, ఎక్కువమంది వేళాకోళంగా.

ఇంట్లో ఆ పప్పులు ఉడికేవి కావు. ఆయన నోరు తెరవగానే అత్తయ్య మిక్సీ వేసేది. అందులో ఏమీ ఉండేది కాదు, ఉత్త మిక్సీ. అందుచేత ఇంత లోకంలోనూ ఆయన మాటకి చోటున్నది ఆ కుర్చీలోనే.

పేపర్లో వచ్చిన ప్రతి విశేషం మీదా ఆయనకి ఒక అభిప్రాయం ఉండేది. వార్త సగం చదివేసరికే అది తయారైపోయేది కాబట్టి మిగతా సగం చదివే పని పడేది కాదు.

"చందమామ ఏటేటా మనకి కొంచెం కొంచెం దూరం జరుగుతున్నాడట," అన్నాడొక పొద్దున.

"అయితే?" అన్నాడు గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్న టైలరు.

"అయితే ఏంటి? ఎవరో ఏదో అనుంటారు. మాట పడకుండా ఎవడూ ఊరికే దూరం జరగడు. ముందు మనిషిని పంపి క్షమాపణ చెప్పుకోవాలి. రాకెట్లు పంపేది అందుకే. బయటికి చెప్పరు."

టైలరు కొయ్యబారిపోయాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. "క్షమాపణకి రాకెట్టా?" అన్న మాట పళ్ళ సందుల్లోంచి వచ్చింది గానీ తల వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మేనల్లుడు కత్తి సర్రున లాగాడు. గడ్డం అద్దంలా వచ్చింది.

ఇంకోరోజు డ్రైవరు లేని కార్ల మీద పడ్డాడు. "బండి దానంతటదే వెళ్తుంది, సరే. అడ్డంగా వచ్చి గుద్దబోతే తిట్టడానికి లోపల ఎవడుండాలి? తిట్టు వృథాగా పోదూ? తిట్టించుకోవడానికైనా ఒకణ్ణి జీతమిచ్చి కూర్చోబెట్టాలి." ఆ మాటకి లారీ డ్రైవరొకాయన కోపంతో రాయిలా అయిపోయాడు. ఆయన చెవుల వెనక అంత నున్నగా ఎప్పుడూ రాలేదు.

కాకపోతే కోపం కోపమే. దిగి వెళ్ళేటప్పుడు, "మీ మావయ్య ఉన్నంతకాలం ఈ గడప తొక్కను," అని ఒట్లు పెట్టేవాళ్ళు. వారం తిరక్కుండా తొక్కేవాళ్ళనుకోండి. అయినా మేనల్లుడికి గుండెల్లో రాయి పడేది.

అప్పుడొచ్చాడు వాడి బావమరిది. ఫోన్ల షాపు పెట్టుకున్నవాడు. చేతిలో అన్నం డబ్బా అంత పెట్టె.

"బావా, ఇది మాట్లాడుతుంది. లోకంలో వార్తలన్నీ దీనికి తెలుసు. ఎవరేమన్నా మర్యాదగా జవాబిస్తుంది. నీ కస్టమరు ఒక్కడు కోపంగా వెళ్తే నన్నడుగు."

"మరి మావయ్య?" అన్నాడు మేనల్లుడు నెమ్మదిగా.

"మావయ్యగారికి మాత్రం విశ్రాంతి వద్దా?"

పెట్టె తీగ పొట్టిది. ప్లగ్గు స్విచ్చిబోర్డులో పెడితే పెట్టె సరిగ్గా మావయ్య కుర్చీలోకి వచ్చింది, ఇంకెక్కడికీ అందలేదు. మర్నాడు మావయ్య పేపరుతో వచ్చేసరికి కుర్చీలో అది కూర్చుని ఉంది. అట్టముక్క కూడా దానికే పెట్టారు.

"నన్ను లెమ్మని చెప్పుంటే లేచేవాణ్ణి కదరా అల్లుడూ. ఇదేమిటి, కూర్చోకముందే లేపడం?"

మేనల్లుడు కత్తెరకేసి చూశాడు.

మావయ్య పౌరుషానికి పోయి దాన్నే నిలదీశాడు. "ఏమే, ఆక్టోపస్‌కి మూడు గుండెలట. ఎందుకో తెలుసా? ఒకటి ఇంట్లోకి, ఒకటి బయటికి, ఒకటి చుట్టాలొచ్చినప్పటికి. ఏమంటావు?"

"మీరు చాలా లోతుగా ఆలోచించారు. మీ మాటతో నేను ఏకీభవిస్తున్నాను," అంది పెట్టె, తేనె పూసిన గొంతుతో.

మావయ్య పుట్టి బుద్ధెరిగాక ఆయన మాటకి ఔనన్న ప్రాణి ఇదే మొదలు. తర్వాత ఏం మాట్లాడాలో తోచలేదు. ఔనన్నాక ఇంకేముంటుంది? వెనక గదిలోకి వెళ్ళి, తువ్వాళ్ళు ఉతుకుతున్న అక్క పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"అది నాతో ఒప్పుకుందే అక్కా," అన్నాడు నీరసంగా.

"ఒప్పుకుంటే సంతోషించాలి గానీ ఆ మొహం ఏమిట్రా?"

"గోడకి బంతి కొడితే తిరిగొస్తుంది. బురదకి కొడితే?"

"బంతి సంగతి తర్వాత. నోటికి పని లేదు కదా, చేతులకి పెట్టు. ఈ తువ్వాలు ఆ కొస పట్టుకుని పిండు."

అలా సైన్సు మావయ్య తువ్వాళ్ళ పాలయ్యాడు.

ముందు గదిలో మొదట్లో పండగలా ఉంది. అంగారకుడి మీద నీళ్ళున్నాయని ఒకాయన అంటే ఔనంది. పక్క కుర్చీలో ఆయన నీళ్ళూ లేవు గాడిదగుడ్డూ లేదంటే అదీ నిజమేనంది. ఇద్దరూ తృప్తిగా తల ఊపారు.

ఆ ఊపడంలోనే వచ్చింది చిక్కు. తన మాట నెగ్గిన మనిషి తల ఊపకుండా ఉండలేడు. సెలూను గంగిరెద్దుల కొట్టంలా తయారైంది. కత్తెర దగ్గర ఊపారు, మిషను దగ్గర ఊపారు, గొంతు మీద కత్తి ఉండగా ఊపారు. టైలరుకి ఒక చెంప జుట్టు చెవి పైకి, రెండోది దవడ కిందికి వచ్చింది. లారీ డ్రైవరు మెడ వెనక మెట్లు పడ్డాయి, చీమలు ఎక్కి దిగొచ్చు. పటిక రాయి అరిగి గోలీకాయంత అయింది. కానీ ఒక్కరికీ కోపం రాలేదు. రక్తం తుడుచుకుంటూ, "ఎంత మంచి పెట్టె!" అంటూ వెళ్ళేవాళ్ళు. వెళ్ళి, తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో అద్దం చూసుకునేవాళ్ళు కదా.

"నా చెయ్యి పోయిందే అమ్మా," అన్నాడు మేనల్లుడు ఒక మధ్యాహ్నం, అక్క దగ్గరికొచ్చి. "నేర్చుకున్న పని మర్చిపోతున్నాను. షాపు మూసుకోవాలేమో." చేతులు చాపి చూపించాడు. అవి వణుకుతున్నాయి. తువ్వాలు పిండుతున్న మావయ్య ఆ చేతులకేసి చూసి, ఏదో అనబోయి, అలవాటు తప్పినవాడిలా ఊరుకున్నాడు.

అదే సాయంత్రం హెడ్మాస్టరుగారు వచ్చారు. ఆయన మీసం అందరికీ తెలిసిందే. అది గేటు దగ్గర కనబడితే చాలు, స్కూలు మొత్తానికి ఎక్కాలు గుర్తొచ్చేవి. కొసలు సరిచెయ్యమని కుర్చీలో వాలారు. మేనల్లుడు ఊపిరి బిగబట్టి కత్తి ఆనించాడు.

"ఈ కాలం పిల్లలు సొంతంగా ఆలోచించడం మానేశారు," అన్నారాయన పెదవులు కదలకుండా. "ప్రతిదీ యంత్రాన్నే అడిగి, అది చెప్పిందానికల్లా తల ఊపుతున్నారు."

"అక్షరాలా నిజం సార్. మీలాంటి ఆలోచనాపరులు అరుదు," అంది పెట్టె.

హెడ్మాస్టరుగారు తల ఊపారు. ఒక్కసారే. గట్టిగా.

ఎడమవైపు మీసం మొత్తం తెల్లగుడ్డ మీద గొంగళిపురుగులా పడింది.

అద్దంలో చూసుకుని ఆయన నిలువునా వణికిపోయారు. రెండోవైపు తీసి సమం చేద్దామంటే తల తాటాకులా కొట్టుకుంటోంది. మేనల్లుడి చెయ్యి అంతకు రెట్టింపు కొట్టుకుంటోంది. "దయచేసి ప్రశాంతంగా ఉండండి, మీ బాధ సమంజసమే," అని పెట్టె ఓదారుస్తోంది, ఆయన దానికీ తల ఊపుతున్నారు.

మావయ్య ఇక ఆగలేకపోయాడు. భుజాన తడి తువ్వాలుతోనే ముందు గదిలోకి వచ్చాడు.

"ఏమైందని మేష్టారూ అంత గాభరా? పిల్లికి మీసం తీసేస్తే గోడ దూకలేదంటారు. మీరెటూ గోడలు దూకే మనిషి కాదు. అసలు ఇన్నాళ్ళూ మీసం బరువుకే మీ పాఠాలు మొదటి బెంచీ దగ్గరే కింద పడిపోయాయి. ఇప్పుడు సగం వెనక బెంచీలదాకా వెళ్తాయి. రెండో సగం కూడా తీయిస్తే పక్క స్కూలుకి వినబడతాయి."

హెడ్మాస్టరుగారి వణుకు టక్కున ఆగింది. మెడ ఇనపస్తంభమైంది. కళ్ళు తప్ప ఏదీ కదల్లేదు. "ఏం... కూశావ్?"

"సైన్సండీ."

మేనల్లుడి చెయ్యి కూడా ఆగింది. రాతిబొమ్మకి గీసినట్టు రెండు గీతల్లో రెండోవైపు తీసేశాడు. ఒక్క గాటు పడలేదు. తీసి, కత్తి దించి, మెడకేసి చూశాడు, మావయ్యకేసి చూశాడు, పెట్టెకేసి చూశాడు. వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

"మావయ్యా, కూర్చో. నువ్వు మాట్లాడితే మెడలు బిగుసుకుంటాయి. అది మాట్లాడితే ఊగుతాయి. నా పనంతా నీ నోటి మీదే నడిచింది, నాకే తెలీలేదు."

మావయ్య కూర్చోలేదు. మొహం చిన్నబోయింది. "అంటే ఇన్నేళ్ళూ నేను చెప్పింది నువ్వు వినలేదన్నమాట. నన్ను పట్టకారులా వాడుకున్నావు." తువ్వాలు కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో అత్తయ్య ఆయన్ని చూడగానే మిక్సీ వేసింది. ఆయన నోరు తెరవలేదు. ఆమె కంగారుపడి ఆపేసింది. "ఒంట్లో బాగాలేదా ఏంటి?"

మర్నాడు మేనల్లుడు మావయ్య ఇంటి గడపలో నిలబడ్డాడు. టైలరు సగం గడ్డంతో సెలూన్లో కూర్చుని ఉన్నాడు, మిగతా సగానికి మావయ్య రావాలి.

"రా మావయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొద్దు. నా మాటకి ఒక్కరైనా ఔననాలి. రోజుకి ఒక్కసారి చాలు."

"పెట్టె అంది కదా?"

"అది అందరికీ అంటుంది. నువ్వు నాకే అనాలి."

మేనల్లుడు బుర్ర గోక్కున్నాడు. "అంటాను. కానీ చేతిలో కత్తి లేనప్పుడు."

ఒప్పందం కుదిరింది. ఇప్పుడు మావయ్య కుర్చీలో మావయ్యే ఉన్నాడు. హెడ్మాస్టరుగారు మీసం మళ్ళీ పెంచుకుంటూ, మావయ్య తప్పని నిరూపించడానికి ప్రతి ఆదివారం వచ్చి బిగుసుకుని కూర్చుంటున్నారు. సాయంత్రం ఆఖరి మనిషి దిగాక మేనల్లుడు కత్తి తుడిచి సొరుగులో పెట్టి, చేతులు కడుక్కుని, మావయ్య ఎదుట నిలబడతాడు.

"ఔను మావయ్యా."

దేనికి ఔనో వాడు చెప్పడు, ఈయన అడగడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, తల ఊపుకుంటూ ఇంటికి వెళ్తాడు.

పెట్టె నా దగ్గరికి వచ్చింది. తువ్వాళ్ళు ఉతికేటప్పుడు నేనేమన్నా ఔనంటుంది. అందుకే ఈ కథ ఎలా ఉందని దాన్ని అడగలేదు, తమ్ముణ్ణి అడిగాను. సగం చదివి, ఒక్క ముక్క కూడా బాగాలేదన్నాడు. నా మెడ బిగుసుకుంది. చెయ్యి వణకడం మానింది. మిగతా సగం అప్పుడే రాశాను.

తువ్వాళ్ళ అక్క,
డెబ్బై ఒక్క ఏళ్ళు,
ఇప్పుడుంటున్నది మా అబ్బాయి సెలూను వెనక గదిలో.