కోల్డ్ స్టోరేజీలో మంచుకొండ

ఖమ్మం మిరప యార్డులో వ్యాపారి బసవపున్నయ్యకు ఒక పేరుంది. రైతు తెచ్చిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెడతాడు. గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. ముక్కు ముడుస్తాడు. "తాలు ఎక్కువుంది" అంటాడు. తాలంటే రంగు దిగి తెల్లబడ్డ కాయ. ఆ మాట పడ్డాక ఇక బేరముండదు. కాయ ఎంత ఎర్రగా ఉన్నా సరే, ఆయన నోట పడితే తెల్లబడవలసిందే.

అటువంటి మనిషి ఆ ఏడు ఉగాదినాడు సత్తుపల్లిలో వియ్యంకుడి ఇంట్లో కూర్చుని నోరు జారాడు. వియ్యంకుడు వెంకటరామారావుది మిరప వ్యవసాయం. పిల్లల పెళ్లి కాకముందు ఆయన బస్తాలోనూ ఈయన చెయ్యి పెట్టినవాడే. ఇప్పుడాయన కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. హాల్లో తగిలించడానికి మంచుకొండల క్యాలెండరొకటి తెచ్చి వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాడు.

"క్యాలెండరేంది బావగారూ, ఎవడి గోడ మీద చూసినా అదే ఉంటది. గృహప్రవేశానికి మంచుకొండ బొమ్మ నా చేత్తో వేసి తెస్తా" అన్నాడు బసవపున్నయ్య.

"మీరా?"

"నేనే!"

పదిమందీ విన్నారు. అది కూతుర్ని ఇచ్చిన ఇల్లు. బొమ్మ తేకపోతే ఆ గడపలో మళ్లీ తలెత్తేది లేదు. తేవాలంటే ఆయన బతుకులో కుంచె పట్టింది బస్తాల మీద మార్కు వెయ్యడానికే. మంచు సంగతి చెప్పనే అక్కర్లేదు.

సలీంను పిలిపించాడు. సలీం షాపులకు బోర్డులు రాస్తాడు, భద్రాచలం రూటు లారీల వెనక నెమళ్లు వేస్తాడు. మంచు అతనూ చూడలేదు. అయితే కొత్తగా నేర్చుకునేవాళ్లకు నీటిరంగులతో మంచు ఎట్లా వెయ్యాలో చూపించే ఇంగ్లీషు పుస్తకం ఒకటి అతని దగ్గరుంది. ఇంగ్లీషు చదవలేడు గాని బొమ్మలు చూసి చెప్పగలడు. గురువు కావడానికి అది చాలు.

"అసలు సంగతి చెప్త వినుండ్రి సేఠ్. మంచును ఎయ్యరు. కాగితమే మంచు. పైన ఆకాశం ఏస్తం, పక్కన ఎండు చెట్లు ఏస్తం. నడుమల కొండను తెల్లగ ఇడిచిపెడతం."

"ఇడిచిపెట్టేదానికి నువ్వెందుకు, నేనెందుకు?"

"ఇడిచిపెట్టుడే కష్టం సేఠ్."

నిజమే. బసవపున్నయ్య బుద్ధెరిగాక ఏదీ విడిచిపెట్టలేదు. పక్కవాడి గట్టు విడవలేదు, ఇంటి ముందు మురుగు కాలువ విడవలేదు, దాని మీద కూడా గది లేపాడు. అంత తెల్ల జాగా ఎదురుగా కనపడుతుంటే చెయ్యి ఊరుకుంటుందా? మొదటి కాగితం మీద కొండ నిండా తెల్లరంగు పులిమాడు. అది ఆకాశంలోని నీలంతో కలిసి గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయలాగా తేలింది. రెండోది ఇడ్లీ అయింది. మూడోది సలీం లాక్కోబోతే చిరిగింది. ఇక మిగిలింది విజయవాడ నుంచి తెప్పించిన మందపాటి కాగితం ఒక్కటే. గృహప్రవేశం ఎల్లుండే.

పొద్దున్నే ఆ కాగితం బల్ల మీద పరిచేసరికి నాలుగు మూలలా పసుపు బొట్లున్నాయి. భార్య సుబ్బరత్నం పని.

"ఏం చేసినవే ఇది?"

"ఏం చేసిన? వాళ్లు శుభమా అని ఇల్లు కట్టుకుంటే, పసుపన్న పెట్టకుండ ఒట్టి తెల్లకాగితం పట్టుకపోతరా?"

సలీం నాలుగు మూలలూ చూశాడు. "పర్వాలేదు సేఠ్. సూర్యోదయం అందాం."

"నాలుగా?"

"పెద్దోళ్ల కొండ గద సేఠ్. నాలుగుండొచ్చు."

ఆనాటి పాఠం మంచు కురవడం. ఆకాశం రంగు తడిగా ఉండగానే దాని మీద ఉప్పు చల్లాలి. ఉప్పురవ్వ రంగును పీల్చి చుట్టూ తెల్లచుక్క పెడుతుంది. పుస్తకంలో అట్లాగే ఉంది. కానీ పుస్తకం రాసినవాడు వైశాఖమాసంలో ఖమ్మం వచ్చి ఉండడు. పైన ఒక మూల నీలం రాసి చూశారు. సలీం ఉప్పు డబ్బా మూత తీసేలోపే అది ఎండి కూర్చుంది. చల్లిన ఉప్పంతా జారి నేల పాలయింది.

సుబ్బరత్నం గుమ్మంలో నిలబడి చూసింది. "పసుపు పడ్డది, ఉప్పు పడ్డది. ఇగ కారమొక్కటే తక్కువ. జాడీ తెమ్మంటరా?"

బసవపున్నయ్యకు రోషం వచ్చింది. "చల్లటి జాగా కావాలె, అంతే గద? ఇంత పెద్ద కోల్డ్ స్టోరేజీ నాకుండంగ ఈ ఎండల ఎందుకు చస్తున్నం?"

"సేఠ్, ఆడ మిరపకాయలుంటయి."

"ఉంటే? బొమ్మను తింటయా?"

ఇద్దరూ రగ్గులు కప్పుకుని లోపలికి వెళ్లారు. అటూ ఇటూ మిరప బస్తాలు కప్పు దాకా. నడుమ సందులో బల్ల వేశారు. అక్కడ మాత్రం రంగు చెప్పినమాట విన్నది. ఆకాశం తడిగా నిలిచింది. ఉప్పు చల్లితే చుక్కలు తేలాయి. ఎండు చెట్లు రెండు, అవీ చెట్లలాగానే వచ్చాయి. కొండను ముట్టకుండా బసవపున్నయ్య తన చేతులు తానే వెనక్కి కట్టుకున్నాడు. కాగితం నడుమ మంచుకొండ తెల్లగా, చల్లగా లేచింది. ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

"అవ్ సలీం, వచ్చిందిరా!"

అంటూ తుమ్మాడు. ఘాటు ఎప్పటినుంచో ముక్కులో కూర్చుని ఉంది. ఆ తుమ్ముకు భుజం వెళ్లి బస్తాకు తగిలింది. కుట్టు సందులోంచి ఎర్రటి పొడి రాలి తడి కాగితం మీద పరుచుకుంది.

"ముట్టకుండ్రి సేఠ్! ఇడిచిపెట్టుండ్రి! ఎండినంక ఊదేద్దాం!"

విడిచిపెట్టడం ఆయనకెక్కడ వచ్చు? అరచేత్తో తుడిచాడు. ఒకసారి కొండ మీదుగా, ఒకసారి ఆకాశం మీదుగా.

మర్నాడు సత్తుపల్లిలో, కొత్త ఇంట్లో పాలు పొంగాక బొమ్మ మీది పట్టుగుడ్డ తీశారు. హాలు నిండా చుట్టాలు, మిరప రైతులు. దగ్గరగా వచ్చి చూసిన ఒక ముసలమ్మ తుమ్మింది. సుబ్బరత్నం మొగుడి వైపు చూసి, "కారం కూడ పడ్డది" అని మెల్లగా అన్నది.

"మంచుకొండ" అన్నాడు బసవపున్నయ్య, ఎవరూ అడగకుండానే.

వెంకటరామారావు లేచాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. బొమ్మ దగ్గరికి వెళ్లి, వేలితో ఎర్రబడ్డ కొండను రాసి, వేలును వెలుతురులో పెట్టి చూశాడు. ముక్కు ముడిచాడు.

"అంతా బాగానే ఉంది బావగారూ. తాలే కాస్త ఎక్కువుంది."

రైతుల్లో ముందు ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత నవ్వనివాళ్లు లేరు. బసవపున్నయ్య బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. ఆ మాట పడ్డాక ఇక బేరముండదని ఆయనకంటే తెలిసినవాడెవడు?

బొమ్మ ఎక్కడ తగిలించాలని చూశాడు. హాల్లో మేకు ఒక్కటే ఉంది. దానికి క్యాలెండరు ఉంది.