రెండేళ్ళ జట్టు

శ్యామసుందరి టూవూంబాలో దిగిన రోజు ఊరు కనపడలేదు. అది బ్రిస్బేన్‌కు రెండు గంటల దూరంలో, కొండ మీది ఊరు. జూలై నెల, అక్కడ చలికాలం. కింది లోయలోంచి పైకెక్కిన మంచు వీధుల్లోకి వచ్చేసి, ఎదురింటి కంచెను కూడా మింగేసింది. భర్త యోగానంద్ కారులోంచి పెట్టెలు దించుతూ, "బానే ఉంటుందంట ఊరు. మంచు విడిచాక చూద్దువుగాని," అన్నాడు. పదమూడేళ్ళ కూతురు తన్మయి చెవుల్లో పాటలు పెట్టుకుని కారులోంచి దిగనేలేదు.

అది 1998వ సంవత్సరం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయని, రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ వందేళ్ళు వెనక్కి పోతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. యోగానంద్ పదిహేనేళ్ళుగా కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాస్తున్న మనిషి. హైదరాబాదులో ఇక ఎవరికీ పట్టని ఆ విద్యకు ఒక్కసారిగా గిరాకీ వచ్చి, ఇక్కడి ధాన్యం కంపెనీ ఒకటి అతణ్ణి పిలిపించుకుంది.

శ్యామసుందరిది రైల్వేలో ఉద్యోగం. దాన్ని ఇప్పించింది ఆట. ఏలూరులో పగుళ్ళు బారిన సిమెంటు కోర్టు మీద నేర్చుకున్న బాస్కెట్‌బాల్ ఆమెను రైల్వే జట్టు దాకా తీసుకెళ్ళింది. పద్నాలుగేళ్ళు ఆడింది, చివరి నాలుగేళ్ళూ కెప్టెన్‌గా. ముప్పై ఎనిమిదో ఏట రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా విమానమెక్కింది.

"ఊరికే ఇంట్లో ఉండి ఏం చేస్తావు? కంప్యూటరు నేర్చుకో. ఇప్పుడు దానికున్న డిమాండు దేనికీ లేదు," అని యోగానంద్ ఆమెను టేఫ్ కాలేజీలో సాయంత్రం క్లాసుకు చేర్పించాడు. టేఫ్ అంటే చేతిపని నేర్పే కాలేజీ. రొట్టెలు కాల్చడం, జుట్టు కత్తిరించడం, పసిపిల్లల్ని చూసుకోవడం, కంప్యూటర్లు, అన్నీ అక్కడే. ఏడాదో రెండేళ్ళో చదివి, సర్టిఫికెట్టు పట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు.

మొదటి రోజు సాయంత్రం క్లాసు గది వెతుక్కుంటూ మంచులో నడుస్తుంటే ఆమెకొక చప్పుడు వినిపించింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. బంతి చెక్కనేల మీద పడి లేస్తున్న చప్పుడు. సిమెంటు మీద పడితే బంతి దగ్గుతుంది, చెక్క మీద పడితే మాట్లాడుతుంది. ఆ మాట పట్టుకుని ఆమె జిమ్ము తలుపు దాకా వెళ్ళింది. లోపల పసుపు దీపాల కింద తొమ్మిదిమంది ఆడపిల్లలు ఆడుతున్నారు. ఆడుతున్నారనడం కన్నా బంతి వెంట పరిగెత్తుతున్నారనడం నయం.

ఆ రోజు కంప్యూటరు క్లాసుకు వెళ్ళలేదు. తర్వాతి వారమూ వెళ్ళలేదు. గోడవార బెంచీ మీద కూర్చుని, ఒడిలో నోటుపుస్తకం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంటికెళ్ళాక యోగానంద్ "ఏం చెప్పారివాళ?" అంటే "మౌస్ పట్టుకోవడం," అని చెప్పేది.

మూడో వారం, జట్టులో అందరికన్నా పొడుగ్గా ఉన్న లియాన్ అనే అమ్మాయి నీళ్ళు తాగడానికి బెంచీ దగ్గరికొచ్చింది. జుట్టు కత్తిరించే కోర్సు చదువుతోంది. శ్యామసుందరి ఆగలేక అనేసింది. "నువ్వు ఎటు వెళ్తావో నీ ఎడమ భుజం ముందే చెప్పేస్తోందమ్మా. దాన్ని నోరు మూసుకోమను."

లియాన్ ఆమె చీర వంకా, మీద వేసుకున్న యోగానంద్ కోటు వంకా చూసి, కోర్టులోకి వెళ్ళింది. ఈసారి భుజం కదపకుండా ఇద్దరిని తప్పించుకుని బాస్కెట్ వేసింది. వెనక్కి తిరిగి, "ఇంకేం చెప్తోంది?" అని అరిచింది.

ఆ జట్టుకు కోచ్ లేడు. ఉన్నాయన సముద్రతీరానికి వెళ్ళిపోయి ఆరు నెలలైంది. కాలేజీలో ఆటల వ్యవహారం చూసే గ్లెనిస్ అనే పెద్దావిడ లియాన్ ద్వారా విని, మర్నాడే శ్యామసుందరికి ఫోను చేసి, జీతం లేదనీ పెట్రోలు ఖర్చు మాత్రం ఇస్తామనీ చెప్పింది. "నాకు కారు నడపడం రాదు," అంది శ్యామసుందరి. "అయితే నేనే వచ్చి ఎక్కించుకుంటాను," అంది గ్లెనిస్.

ఆ విషయం ఆమె రాత్రి ఇంట్లో చెప్పింది. "మౌస్ సంగతి అబద్ధమన్నమాట," అని యోగానంద్ నవ్వాడు. తన్మయి తలెత్తి, "మమ్, యూ? ఎ కోచ్?" అంది. ఆ మాటలో వెక్కిరింతా ఉంది, కొంచెం గర్వమూ ఉంది.

మొదటి సీజన్లో వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయారు. ఊళ్ళో స్త్రీల లీగులో ఎనిమిది జట్లుంటే వీళ్ళది ఎనిమిదో స్థానం. శ్యామసుందరి కోప్పడలేదు. కోర్టు పక్కన నిలబడితే ఆమెకు ఏదో మగతలాంటిది కమ్మేది. పిల్లల కదలికలు మెల్లగా, నీటిలో చేపల్లా కనిపించేవి. ఎవరెక్కడ ఖాళీగా ఉన్నారో, బంతి ఎటు పోవాలో ముందే తెలిసేది. తొందరలో ఇంగ్లీషు తట్టక "ఇటు!" "ఆగు!" "వదిలెయ్!" అని తెలుగులోనే అరిచేది. నెల తిరిగేసరికి రొట్టెల కోర్సు పిల్లలు కూడా "వొదిలై!" అని అరుచుకోసాగారు. అవతలి జట్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

మరుసటి ఏడు నిదా వచ్చింది. కర్నూలు నుంచి వచ్చిన డాక్టర్ బాసిత్ గారి కూతురు, పంతొమ్మిదేళ్ళది. పసిపిల్లల సంరక్షణ మూడేళ్ళ పార్ట్‌టైమ్ కోర్సుగా చదువుతోంది. తలకు గట్టిగా స్కార్ఫు కట్టుకుని, పొడవు ప్యాంటుతో మొదటి రోజు గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, నాకేం రాదు. ఊరికే చూడొచ్చా?" అంది.

"నేనూ ఊరికే చూద్దామనే వచ్చా, లోపలికి రా," అంది శ్యామసుందరి.

ఆ నవంబరులో ఒక సాయంత్రం ఉరుములతో పెద్ద గాలివాన వచ్చింది. కిటికీల్లేని జిమ్ములో ఠక్కున దీపాలు పోయాయి. పిల్లలు కేకలు పెట్టి, బ్యాగుల కోసం తడుముకున్నారు. శ్యామసుందరికి మాత్రం ఆ చీకటి ఎందుకో చల్లగా, తెలిసిన చోటులా అనిపించింది.

"ఎవరూ పోవద్దు. పరిగెత్తకండి, నడవండి. బంతి ఇచ్చేముందు ఎవరికిస్తున్నారో పేరు పిలవండి."

మొదట బంతి పదిసార్లు జారిపోయింది. నవ్వులు. తర్వాత నవ్వులు తగ్గాయి. పేరు, బంతి, అరచేతుల చప్పుడు. పైన రేకుల మీద వాన.

"ఇప్పుడు పేర్లు కూడా వద్దు," అంది.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో ఎవరూ చెప్పలేకపోయారు. చీకట్లో బూట్ల కిచకిచ, ఊపిరి, మధ్యలో బంతి. ఎవరి ఊపిరి ఎవరిదో తెలిసిపోతోంది. బంతి కింద పడటం మానేసింది. తన కళ్ళు మూసుకుని ఉన్నాయో తెరుచుకుని ఉన్నాయో శ్యామసుందరికే తెలియలేదు. ఏలూరు కోర్టూ, రైల్వే కోర్టూ, ఈ కోర్టూ ఒకదాని మీద ఒకటి పరుచుకుని, తాను వాటన్నిటి నడుమా నిలబడి ఉన్నట్టుంది. దీపాలు వచ్చినప్పుడు బంతి నిదా చేతుల్లో ఉంది. అందరూ నిద్రలేచిన వాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు.

"నాకు ఇట్లా ఎప్పుడూ కాలేదాంటీ," అంది నిదా మెల్లగా.

రెండువేల సంవత్సరం వచ్చింది. జనవరి ఒకటిన మధ్యాహ్నం యోగానంద్ ఆఫీసు నుంచి తిరిగొచ్చి, బూట్లు విప్పకుండానే పెరట్లో కూర్చున్నాడు. శ్యామసుందరి టీ తీసుకెళ్ళింది.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. ఒక్క ప్రోగ్రామూ ఆగలేదు. మేనేజరు వచ్చి, దీనికా ఏడాదిన్నర కూర్చున్నారు, అని నవ్వాడు. అందరూ నవ్వారు." అతను కప్పు అందుకున్నాడు. "మేం చేశాం కాబట్టే ఏమీ కాలేదని ఎవరికి చెప్పను శ్యామా?"

ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. "మా ఆటలో కూడా ఉంటారండీ అలాంటివాళ్ళు. అవతలి వాళ్ళకు బంతి అందకుండా కాచుకునేవాళ్ళు. పేపర్లో బాస్కెట్ వేసినవాళ్ళ పేరే వస్తుంది. కోచ్‌కి మాత్రం తెలుసు, ఆట ఎవరు గెలిపించారో."

యోగానంద్ ఆమె వంక చాలాసేపు చూశాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో భార్య ఆట ఒక్కటైనా చూడలేదన్న సంగతి బహుశా అప్పుడే గుర్తొచ్చి ఉంటుంది. ఆ ఏప్రిల్లో సీజను మొదలయ్యాక ప్రతి శనివారం వచ్చి, స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు జట్టు పదమూడు ఆటలు గెలిచి, మూడో స్థానంలో నిలిచింది. నవంబరులో లియాన్ పరుగెత్తుకుంటూ వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంది. బ్రిస్బేన్‌లో పెద్ద జట్టు తనను తీసుకుందట. ఇంకో నలుగురి కోర్సులూ ఆ నెలతో పూర్తయ్యాయి. ఒకమ్మాయి బేకరీలో పనికి పశ్చిమానికి వెళ్ళింది, ఒకామె పెళ్ళి చేసుకుంది. డిసెంబరుకల్లా జట్టులో నిదా, ఇంకో ఇద్దరు మిగిలారు.

ఖాళీ జిమ్ములో బంతులు సంచీలోకి ఎత్తుతూ శ్యామసుందరి ఏడ్చేసింది. గ్లెనిస్ పక్కకొచ్చి నిలబడింది.

"ఇది రెండేళ్ళ కాలేజీ, శ్యామ్. నీ చేతికి అలవాటయ్యేసరికి వెళ్ళిపోతారు."

"మరి మీరు ఇరవై ఏళ్ళు ఎలా ఉన్నారు?"

"ఫిబ్రవరిలో కొత్త క్లాసులు మొదలవుతాయిగా. ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడతారు," అంది గ్లెనిస్.

ఆ వేసవంతా శ్యామసుందరికి ఒకటే కల. గోడల్లేని కోర్టు. చుట్టూ మంచు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బంతి అందుకుని మంచులోకి నడిచిపోతుంటారు. ఆమె పిలవబోతుంది, నోటికి పేరు రాదు. అయినా భయం వేయదు. మంచు లోపలి నుంచి బంతి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడుతోనే మెలకువ వచ్చేది.

2001 మొదట్లో కంప్యూటర్ల సందడి చల్లబడింది. మార్చిలో ధాన్యం కంపెనీ యోగానంద్ కాంట్రాక్టు పొడిగించలేదు. సిడ్నీలో స్నేహితుడు చలపతి ఒక చిన్న ఆఫీసులో పని చూపించాడు. సరిగ్గా ఆ వారమే గ్లెనిస్ కబురు తెచ్చింది. కాలేజీ స్త్రీల జట్టుకు జీతమిచ్చి కోచ్‌ని పెట్టుకుంటుందట. శ్యామసుందరి ఒప్పుకుంటే ఆ పని ఆమెదే.

ఆమె రెండు రోజులు ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. అన్నం వడ్డిస్తూ సిడ్నీలో ఇళ్ళ గురించి అడిగింది. గ్లెనిస్ దగ్గర విన్న తన్మయే బయటపెట్టింది.

"డాడ్, దే ఆఫర్డ్ హర్ ద జాబ్. షీ వోంట్ టెల్ యూ."

యోగానంద్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "నిజమేనా? ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటారు? మీకు పని అక్కడ. ఎప్పుడూ అలాగే కదా వెళ్ళాం." ఆమె గరిటె కింద పెట్టింది. "రైల్వే ఉద్యోగం వదిలినప్పుడు ఎవరూ నన్నడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు కొత్తగా ఏం చెప్పను?"

యోగానంద్ పళ్ళెం పక్కకు జరిపాడు. "అడక్కపోవడం నాదే తప్పు. ఇప్పుడడుగుతున్నా. ఏం చేద్దాం?" అన్నాడు.

"నేను ఉంటాను," అంది శ్యామసుందరి. అంత తేలిగ్గా తన నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు.

యోగానంద్ ఒక్కడే సిడ్నీ వెళ్ళాడు. హారిస్ పార్క్ అనే పేటలో మిఠాయి దుకాణం మీది గదిలో చలపతితో కలిసి ఉన్నాడు. శనివారం సాయంత్రం కాగానే ఫోను చేసి, బావున్నావా అనడానికి ముందే "స్కోరెంత?" అనేవాడు. ఆగస్టులో జనాభా లెక్కల కాగితం వచ్చింది. వృత్తి అన్న గడిలో శ్యామసుందరి పెన్ను కాసేపు ఆడించి, "బాస్కెట్‌బాల్ కోచ్" అని తెలుగులో రాసుకుని చూసుకుంది. తర్వాత కొట్టేసి ఇంగ్లీషులో రాసింది.

ఆ ఫిబ్రవరిలో గుమ్మంలో నిలబడ్డ కొత్త పిల్లలతోనే జట్టు సెప్టెంబరుకల్లా ఫైనల్స్‌కు చేరింది. ఆట రోజుకు యోగానంద్ బస్సులో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు. యూనివర్సిటీలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న పని దొరికిందనీ, వచ్చే నెల నుంచి ఇక్కడే ఉంటాననీ ఆట మొదలవబోతుంటే చెప్పాడు. ఆమె తల ఊపింది. ఏం విందో ఆమెకే తెలియలేదు.

చివరి నిమిషంలో జట్టు ఒక పాయింటు వెనక ఉంది. ఇదే ఆఖరి ఏడైన నిదా చేతికి బంతి వచ్చింది. ఆమె ఎగిరి వేసింది. బంతి రింగు మీద రెండు సార్లు తిరిగి బయటికి పడింది. అవతలివాళ్ళు దాన్ని అందుకుని ఇంకో బాస్కెట్ వేశారు. మూడు పాయింట్ల తేడాతో ఆట పోయింది.

"నా వల్లే పోయింది కదాంటీ," అంది నిదా, మొహం తువ్వాలులో దాచుకుని.

"బంతి నీకే ఇవ్వమని చెప్పింది నేను. మళ్ళీ ఆడినా నీకే ఇప్పిస్తాను."

అది ఊళ్ళో పూల పండుగ వారం. పిల్లలందరూ ఆమెను పార్కుకు లాక్కెళ్ళారు. ఎండ మెత్తగా ఉంది. నేల మీద పరిచిన పూలు కంటికి ఆనినంత మేరా రంగురంగులుగా పోతున్నాయి. గడ్డి మీద కూర్చుని కాగితం పొట్లాల్లోంచి వేయించిన బంగాళదుంపలు తింటూ, ఎవరెక్కడికి పోతున్నారో చెప్పుకుంటున్నారు. ఒకరు డార్విన్ అన్నారు, ఒకరు వాళ్ళ నాన్న పొలానికన్నారు. నిదాకు టౌన్లోనే పసిపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. "శనివారాలొచ్చి కొత్తోళ్ళకు నేర్పించనా ఆంటీ?" అని అడిగింది.

"రా," అంది శ్యామసుందరి. కళ్ళు బరువెక్కుతున్నాయి. తన్మయి తెచ్చిన చలికోటును తల కింద పెట్టుకుని గడ్డి మీద వాలింది. యోగానంద్ పిల్లలకు ఏదో చెప్తున్నాడు, వాళ్ళు నవ్వుతున్నారు. ఆ మాటలు దగ్గరగా ఉన్నట్టే ఉండి, పూల వాసనలో కలిసిపోయి దూరమవుతున్నాయి. కోచ్ నిద్రపోయిందని ఎవరో అన్నారు. లేపకండి, అని ఇంకెవరో అన్నారు.